మల్లప్ప చూసిన జాగ

నాయిన మొన్న శనివారం మా ఊరు న్యాల్‌కల్ నుంచి వచ్చేటప్పుడు చంకలో ఒక గొంగడి పట్టుకొచ్చాడు. మా అన్విత అడవిలో టెంటులో పడుకోబోతోందని ఫోన్లో విన్నాడట. నేల చల్లగా ఉంటుందని, తన దగ్గరున్న పాత గొంగడిని ఎండకు ఆరేసి, దులిపి, మడతపెట్టి తెచ్చాడు. హాల్లో సోఫా మీద పెట్టగానే ఇల్లంతా ఆ వాసన పరుచుకుంది: గొర్రెల ఒంటి జిడ్డు, పొగ, ఎండిన చెమట, అన్నిటికీ అడుగున ఎక్కడో తడి మట్టి. ఏడేళ్ళ నా కూతురు ముక్కు మూసుకుని "యాక్, ఏందిది తాతా" అంది. "మా నాయినది బిడ్డా. దీంట్ల చలి దిగది, వాన దిగది. నీ టెంటు కన్నా ఇదే నయం" అని నవ్వాడు నాయిన. వంటింట్లో జొన్నపిండి కలుపుతున్న నేను చేతులు అలాగే గిన్నెలో పెట్టుకుని నిలబడిపోయాను. ఆ గొంగడి వాగులో మూడు మలుపుల కింద, తుమ్మకొమ్మకు చిక్కుకుని దొరికింది. మా తాత ఇంకా కిందికి దొరికాడు.

టెంటు సంగతి మా ఆయన నరేశ్ తెచ్చింది. ఫ్యాక్టరీలో షిఫ్టుల పని, ఇద్దరికీ కలిసి రెండు రోజులు సెలవు దొరకడం ఏడాదికి ఒకసారి. ఈసారి ఊరికే హైదరాబాద్ పోయి మాల్‌లో తిరగడం కాదు, కర్ణాటక వైపు అడవిలో ఒక రాత్రి ఉండి వద్దామన్నాడు. ఫోన్లో మూడు చోట్లు చూపించాడు. ఒకటి గుట్ట మీద, ఒకటి చెరువు పక్కన, ఒకటి వాగు ఒడ్డున తెల్లటి ఇసుకలో. మూడో ఫోటో చూడగానే అన్విత ఎగిరి గంతేసింది. ఇసుకలో వరసగా పసుపుపచ్చ టెంట్లు, చెట్ల మధ్య ఉయ్యాల, దీపాల తోరణాలు. కింద వెళ్ళొచ్చినవాళ్ళు రాసిన మాటలన్నీ నేను కూర్చుని చదివాను. చార్జింగ్ పెట్టుకోవచ్చట, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయట, చికెన్ బాగుందట. వాగు గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

నాది మొదటి నుంచీ భయం మనసే. గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు చూస్తాను, స్కూలు ఆటో అయిదు నిమిషాలు ఆలస్యమైతే వీధి చివరికి వెళ్ళి నిలబడతాను. నరేశ్‌కు అది అలవాటైపోయింది. "ఫికర్ జేసుటానికే పుట్టినవా ఏందే? మీది గొర్లోళ్ళ ఇల్లు. అడవిల పెరిగినదానివి నువ్వు భయపడితే, బజారుల పెరిగిన మేమేం గావాలె" అన్నాడు. నేను ఆ చోటువాళ్ళకే ఫోన్ చేశాను. వాగు ఎప్పుడైనా పొంగుతుందా అని అడిగితే, "మోకాళ్ళ దాంక గూడ రావు మేడం, పిల్లలు ఆడుకుంటరు" అన్నాడు అవతలి అతను. "ఒడ్డు పొదల్లో చెత్త ఎంత ఎత్తున పట్టి ఉంది?" అని అడిగాను. ఆ ప్రశ్న నోట్లోంచి దానంతటదే వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటింది నేను ఆ మాట విని. "చెత్తనా మేడం? పొద్దుమాపు ఊడ్పిస్తం" అన్నాడతను, కాస్త నొచ్చుకుని.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో నేను మందతో నడిచేదాన్ని. అమ్మ చంటి తమ్ముడితో ఊళ్ళోనే ఉండేది. మావి, ఇంకో రెండిళ్ళవాళ్ళవి కలిపి ఒకటే మంద. కోతలైపోయిన చేలలో ఎరువు కోసం రైతులు మందను రమ్మని పిలిచినన్నాళ్ళూ రాత్రి మకాముకు లోటు లేదు, వాళ్ళ చేలోనే పడుకునేవాళ్ళం. తొలకరి మిరుగు కార్తె దగ్గరపడి దున్నకాలు మొదలైతే ఎవరూ అడుగు పెట్టనివ్వరు. అప్పుడిక గుట్టలు, అడవి అంచులు, వాగు ఒడ్లు. ఆ రోజుల్లో ప్రతి సాయంత్రం రాత్రికి ఒక జాగ వెతుక్కోవాలి. ఆ పని మల్లప్ప తాతది, అంటే మా నాయిన తండ్రిది. మూడిళ్ళవాళ్ళూ ఆయన మీద భారం వేసి కళ్ళు మూసుకుని నడిచేవాళ్ళు. జహీరాబాద్ సంతలో గొర్రెలవాళ్ళు కలిస్తే "మల్లప్ప ఏడ పండిండు ఈసారి?" అని అడిగి, మరునాడు తమ మందలను ఆ దిక్కు తోలేవాళ్ళట.

పొద్దు వాలుతుండగా మందను నాయినకు వదిలి తాత ముందు నడిచేవాడు, నేను ఆయన వెనక. ఆయన దగ్గర చుట్ట వాసన, గొర్రెపాల వాసన కలిసి వచ్చేది. ఒక చోటు చేరగానే మొదట కూర్చునేవాడు. గుప్పెడు మన్ను తీసి నలిపి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. పైన ఎండుకొమ్మ ఉన్న చెట్టు కింద వద్దు. చుట్టూ ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ చెట్టు కిందా వద్దు, పిడుగు దాన్నే వెతుక్కుంటుంది. అడవి జంతువులు నీళ్ళకు దిగే బాట మీద వద్దు. చీమలు గుడ్లు మోసుకుని ఏ దిక్కు పోతున్నాయో చూడాలి. అన్నిటికన్నా చివర పొదల దగ్గరికి పోయి, కొమ్మల్లో ఎండుగడ్డి, పుల్లలు ఎంత ఎత్తున చిక్కుకుని ఉన్నాయో చూసేవాడు. "నీళ్ళు ఎంత ఎత్తు నడిచినయో నీళ్ళే గుర్తు వెట్టి పోతయి బిడ్డా. గది చూడనోనికి కండ్లున్నా ఒకటే లేకున్నా ఒకటే" అనేవాడు. చోటు నచ్చితే గొంగడి పరిచి, వెల్లకిలా పడుకుని, ఒక చుట్ట కాల్చేంతసేపు కదలకుండా ఉండేవాడు. తరవాత లేచి కట్టె పైకెత్తేవాడు. దూరం నుంచి ఆ కట్టె చూసి నాయిన మందను తిప్పేవాడు.

మా మందలో ఒక కట్టుబాటు ఉండేది. జాగ చూసినవాడే ఆ రాత్రి అంచున పడుకోవాలి, ప్రమాదం ఏ దిక్కు నుంచి రావడానికి వీలుందో ఆ దిక్కున. ఆడవాళ్ళు, పిల్లలు మెరకన, నడుమ మంద, పాలు తాగే గొర్రెపిల్లలకు తడకలు కట్టి, దానికవతల తాత. "అంచున పండేటోడే జాగ మంచిగ చూస్తడు. నడిమిట్ల పండేటోడు మాటలు జెప్తడు" అనేవాడు. నేను ఎప్పుడూ ఆయన పక్కనే, ఆ గొంగడిలోనే పడుకునేదాన్ని. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, ఎర్రకారం తిన్న చేతులు ఇసుకతో తుడుచుకుని దూరేదాన్ని. గొంగడి గుచ్చుకునేది. అయినా అంత గట్టి నిద్ర తరవాత నాకెప్పుడూ పట్టలేదు.

నేను పదేళ్ళదాన్నయిన ఆ ఎండాకాలం, తాత చోటు చూడటంలో ఒక మార్పు వచ్చింది. ఆయన అడిగేవాడు, నేను చెప్పేదాన్ని. "పైన కొమ్మ పచ్చిదా, ఎండిందా?" "చీమలున్నయా?" మొదట అది నాకు నేర్పించడం అనుకున్నాను. ఒకరోజు తన ముందు రెండడుగుల దూరంలో ఉన్న చెంబు కోసం ఆయన చేత్తో తడుముకోవడం చూశాను. కళ్ళల్లో తెల్లటి పొర దిగింది. వెలుగూ చీకటీ తెలుస్తున్నాయి, అంతే. "మీ నాయినకు జెప్పకు బిడ్డా. జెప్తే నన్ను ఇంట్ల కూసోవెడ్తరు. ఆ రెండిండ్లోళ్ళు మంద ఇడదీస్తరు. ఈ ఒక్క ఏడు నువ్వే నా కండ్లు" అన్నాడు. ఊళ్ళో బాపమ్మకు, అంటే మా నాయినమ్మకు, తెలుసట. మందలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. పదేళ్ళ పిల్లకు అది ఎంత గొప్పగా ఉంటుందో! వంద గొర్రెలు, ముగ్గురు మగవాళ్ళు, వాళ్ళ ఆడవాళ్ళు నేను చూపించిన చోట పడుకుంటున్నారు. కట్టె తాతది, చూపు నాది.

ఆ సాయంత్రం నా మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. పొద్దుటి నుంచి కుంటుతున్నాను. మొదట చూసిన చోటు రాళ్ళ గడ్డ, నిండా పల్లేరు కాయలు. ఇంకో చోటు చూడాలంటే గుట్ట ఎక్కాలి. కింద వాగులో చుక్క నీరు లేదు. తెల్లటి ఇసుక, మెత్తగా, చల్లగా. నేను చెప్పులు విడిచి అందులో కాళ్ళు పెట్టాను, మళ్ళీ తీయాలనిపించలేదు. "ఈడ ఇసుక ఉంది తాతా, మస్తు మెత్తగుంది" అన్నాను. ఆయన కూర్చుని ఇసుక తడిమాడు. "వాగు గద బిడ్డా. పొదలల్ల చూసినవా? చెత్త పట్టిందా?" అని అడిగాడు. అప్పటికే నేను చూశాను. ఒడ్డున తుమ్మ పొదకు ఎండుగడ్డి, పుల్లలు, ఒక చిరిగిన గుడ్డపేలిక, అన్నీ ఒకే దిక్కుకు దువ్వినట్టు చిక్కుకుని ఉన్నాయి. నా మెడ ఎత్తున.

"ఏం లేదు తాతా" అన్నాను.

"మంచిగ చూసినవా?"

"మంచిగనే చూసిన."

ఆయన గాలి పీల్చాడు. మా నెత్తి మీద ఆకాశం శుభ్రంగా ఉంది. పడమట, కర్ణాటక దిక్కున, చాలా దూరంలో సన్నగా మెరుస్తోంది. ఆయనకు ఆ మెరుపు కనపడలేదు, నేను చెప్పలేదు. గొంగడి పరిచి పడుకున్నాడు. ఆ రోజు చుట్ట కాల్చేంతసేపు కూడా పడుకోలేదు, నా కాళ్ళ సంగతి తెలిసి కాబోలు తొందరగా లేచి కట్టె ఎత్తాడు.

అన్నాలయ్యాక నేను నా పక్క తీసుకుని ఒడ్డు వైపు మెరకన ఉన్న నాయిన దగ్గరికి పోయాను. "ఏందే, తాతను ఇడిసిపెట్టినవ్?" అన్నాడు నాయిన. "దానికి కాళ్ళు నొస్తున్నయి, నీ దగ్గర పండనీ" అని అంచు నుంచి తాత నవ్వుతూ అన్నాడు. అదే ఆయన నా గురించి అన్న ఆఖరి మాట. తరవాత నాకు గుర్తున్నవి ముక్కలు ముక్కలుగానే. ఎవరో బండ్లు తోలుతున్నట్టు ఒక చప్పుడు. "లెవ్వున్రి! నీళ్ళు! నీళ్ళు!" అని తాత కేక, కట్టెతో తడకలు కొడుతున్న చప్పుడు. నాయిన నన్ను రెక్క పట్టి ఒడ్డు మీదికి విసిరాడు. మాకు ఒక్క చినుకు పడలేదు. నీళ్ళు ఎక్కడో కురిసి, ఎక్కడి నుంచో నడిచి వచ్చాయి. తాత పారిపోయి ఉండాల్సింది, గొర్రెపిల్లల తడకలు విప్పడానికి ఉండిపోయాడు. తెల్లారాక తుమ్మ పొదలో కొత్త గడ్డి పట్టి ఉంది, పాత చెత్త కన్నా కొంచెం పైన.

దినాల్లో బాపమ్మ గుండె పగిలి ఏడుస్తూ, రెండేళ్ళుగా ఆయనకు చూపు తగ్గుతూ వచ్చి, ఆ ఏడు అసలే కనపడటం లేదని బయటపెట్టింది. దాంతో అందరికీ అర్థమైపోయింది, అనుకున్నారు. గుడ్డివాడు పెత్తనం వదులుకోలేక మూడిళ్ళ మందను వాగులో పండబెట్టాడు. సగానికి పైగా గొర్రెలు పోయిన ఆ రెండిళ్ళవాళ్ళు మళ్ళీ మాతో కలవలేదు. నాయిన మిగిలినవి అమ్మేసి చెరుకు ఫ్యాక్టరీలో కూలికి పోయాడు, నన్ను హాస్టల్లో వేశాడు. నేను డిగ్రీ చదవడం, ఈ ఇల్లు, ఈ రాతబల్ల అన్నీ ఆ ఇసుక మీదే లేచాయి. మా ఊళ్ళో మాత్రం ఒక మాట మిగిలింది. ఎవరైనా చెడ్డ సంబంధం చూస్తే, నీళ్ళు పడని చోట బోరు వేస్తే, "మల్లప్ప చూసిన జాగ" అంటారు. మేము ఈ ప్లాటు కొన్నప్పుడు కూడా ఎవరో, "జర చూసుకున్రి, మల్లప్ప జాగ గాకుంట" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాయిన నవ్వలేదు, తలొంచుకుని టీ తాగాడు.

మొన్న ఆదివారం, డబ్బు కట్టేముందు చోటు కళ్ళతో చూసి వద్దామని పట్టుబట్టి నరేశ్‌ను, అన్వితను బయల్దేరదీశాను. నాయిన మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉన్నాడు. చిరాగ్‌పల్లి దాటి, రోడ్డు దిగి, మట్టిదారిలో చాలాసేపు పోతే వచ్చింది. ఫోటోలో ఉన్నట్టే ఉంది. అవే టెంట్లు, అదే ఇసుక. అన్విత చెప్పులు విడిచి పరుగెత్తింది. నరేశ్ అక్కడి మనిషితో మాట్లాడుతున్నాడు. నా కాళ్ళు ఒడ్డు మీదే ఆగిపోయాయి. ఎందుకో దాన్నే పిలిచి, "అన్వీ, ఆ పొదల్లో గడ్డి, కవర్లు ఏమన్నా చిక్కుకుని ఉన్నయా చూసి చెప్పు" అన్నాను. అది పోయింది, పొద ముందు నిలబడింది, తల ఎత్తి చూసింది. తిరిగి వచ్చి నా కళ్ళలోకి చూస్తూ, "ఏం లేవు మమ్మీ" అంది.

నేను దిగి వెళ్ళాను. ఒక నల్లటి పాలిథీన్ కవరు, గడ్డి, వెదురు ముక్కలు నా భుజం ఎత్తున ఉన్నాయి. పిల్ల నా వెనకే వచ్చి నిలబడింది. "ఫోన్ల అడిగినవ్ గద, ఇది ఉందంటే నువ్వు వద్దంటవని" అని గొణిగింది. నేను కొట్టలేదు, తిట్టలేదు. నరేశ్ వచ్చి చూశాడు. "ఎప్పటిదో వానకాలంది గావచ్చు" అన్నాడు. మళ్ళీ ఒకసారి ఆ కవరు వంక, తన ఎత్తు వంక చూసుకుని, "సరే, వద్దులే, పా" అన్నాడు. దారంతా అన్విత వెనక సీట్లో ఏడుస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి నాయిన బాల్కనీలో కూర్చుని గొంగడి అంచుకు ఊడిన దారం మళ్ళీ కుడుతున్నాడు. టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. అంతా చెప్పాను. ఇన్నేళ్ళు మనసులో ఎన్ని రకాలుగా చెప్పుకున్నానో, నోటికి వచ్చేసరికి నాలుగు మాటలే అయింది. "నాయినా, ఆ రోజు తాత అడిగిండు, పొదల చెత్త ఉందా అని. ఉండె. నేను లేదన్న."

సూది ఆగింది. దాన్ని గొంగడికి గుచ్చి అడిగాడు. "ఎంత ఎత్తుండె?"

"నా మెడదాంక."

ఆయన అప్పటి నా ఎత్తును గుర్తు తెచ్చుకుంటున్నట్టు గాలిలో చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అక్కడే ఉంచి, "గందుకేనా ఆ రాత్రి నా కాడికి వచ్చి పన్నవు?" అన్నాడు.

అది నేను చెప్పలేదు. నాకు నేను కూడా అలా ఎప్పుడూ చెప్పుకోలేదు. కాళ్ళ నొప్పి అనే అనుకుంటూ వచ్చాను. అవునని తలాడించాను.

"గయితే మా నాయిన జాగ తప్పు చూడలే" అన్నాడు. నాతో కాదు, గొంగడితో అన్నట్టు. నేను చెయ్యి పట్టుకోబోతే తీసుకున్నాడు. "పదేండ్ల పోరివి. నిన్నేమనాలె" అన్నాడు. గొంగడి మడతపెడుతూ, "గని పదేండ్లే ఉండిపోలే గద నువ్వు" అన్నాడు. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, ఎన్నో పండగలకు ఊరికి పోయాను, ఆ మాట అని జనం నవ్వుతుంటే విన్నాను. ఒక్క రోజూ నోరు తెరవలేదు.

రాత్రి రొట్టె సగం తిని లేచాడు. ఎప్పటిలాగే గదిలో మంచం వద్దని గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. పొద్దున్నే మొదటి బస్సుకు బయల్దేరాడు. గొంగడి మళ్ళీ చంకలోకి వెళ్ళింది. "తాతా, అది నాకు తెచ్చినవ్ గద?" అంది అన్విత. ఆయన దాని తల నిమిరి నా వంక చూశాడు. "ఐతారం మనోళ్ళంత గుడి కాడ కూసుంటరు. నేను జెప్తే కొడుకు గాబట్టి తండ్రిని ఎనకేసుకొస్తున్నడంటరు. నువ్వే వచ్చి జెప్పాలె. ఆ రెండిండ్లోళ్ళు గూడ ఉంటరు. జెప్పినంక గొంగడి తీస్కపో."

టెంటుకని తీసుకున్న సెలవు ఆ ఆదివారానికే ఉంది. నరేశ్ తోడొస్తానన్నాడు. అన్వితను తీసుకుపోవాలా వద్దా అని నాలుగు రోజులుగా నిద్ర లేదు. అది వింటే నన్ను ఏమనుకుంటుందో అని ఒక భయం, వినకపోతే ఆ పొద ముందు నిలబడి నాతో అన్న మాట దాని లోపల ఎన్నేళ్ళు ఉండిపోతుందో అని ఇంకో భయం. తీసుకునే పోతాను. ఇక్కడి నుంచి ఊరు బస్సులో గంట దూరం కూడా లేదు. గుడి ముందు అరుగు మీద కూర్చోను, కింద, అందరికీ అంచున నిలబడతాను. చెప్పాల్సింది మూడు మాటలే, వంటింట్లో, స్నానాల గదిలో, ఇక్కడ కాగితం ముందు అవే అనుకుంటున్నాను. చెత్త ఉండె. నా మెడదాంక ఉండె. జాగ చూసింది మల్లప్ప కాదు, నేను.